పేరులేని వాయుగుండము

2024వ సంవత్సరము ఆగస్టు నెల చివరివారమున మన దేశపు ఇరుకడలులయందును ఒకేసారి కల్లోలము పుట్టినది. పడమట, గుజరాతు నేలమీదనే బలపడి కచ్ తీరము దాటి అరేబియా సముద్రములోనికి దిగిన వాయుగుండము, ఆగస్టు 30వ తేదీన తుపానుగా మారి, పాకిస్తాను సూచించియుంచిన ‘అస్నా’ అను నామధేయమును ధరించి, ఆ సముద్రమున ఆగస్టు మాసములో తుపాను పుట్టుట 1976 తరువాత ఇదియే యని శాస్త్రజ్ఞులు వింతగా చెప్పుకొనుచుండగా, తుదకు ఒమన్ దిక్కుగా సాగి నడిసముద్రముననే చల్లారిపోయినది. తూర్పున బంగాళాఖాతములో అదే వారమున పొడమిన అల్పపీడనమునకు అట్టి ప్రసిద్ధి కలుగలేదు. అది వాయుగుండమగువఱకే ఎదిగినది. తుపాను కాలేదు గనుక దానికెవ్వరును పేరు పెట్టలేదు. సెప్టెంబరు 1వ తేదీన అర్ధరాత్రి దాటిన పిమ్మట శ్రీకాకుళము జిల్లాలోని కళింగపట్నమునకు సమీపమున అది నేలకెక్కినది. ఆ తావునకు నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న విజయవాడ మునిగిపోయినది.

తీరము దాటిన చోటనుండి ఇంత దూరమున ఇంత వినాశము ఎట్లు సంభవించెనని అడుగువారు నేటికిని కలరు. ఈ ప్రశ్నకు మూలము వాతావరణశాఖవారు వాడు పేర్లలోనే ఉన్నది. సముద్రముపై సుడితిరుగు గాలి గంటకు 31 కిలోమీటర్లకు లోబడియున్నంతవఱకు అది అల్పపీడనము. 31 మొదలు 49 వఱకు వాయుగుండము. 50 మొదలు 61 వఱకు తీవ్ర వాయుగుండము. 62 చేరినయెడల తుపాను, ఆపైన తీవ్ర తుపాను, అతి తీవ్ర తుపాను. ఈ మెట్లన్నియు గాలినిబట్టి కట్టినవి. వాననుబట్టి కట్టినది ఒక్కటియు లేదు. ఇది ఎవరి ప్రమాదమును కాదు. తుపానుల సంగతి ముందుగా తెలియగోరినవారు నావికులు, రేవులలో సరకు దింపుకొను వర్తకులు. వారి భయము గాలియు కెరటమును. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్నముపై సముద్రము పొంగి ముప్పదివేల మంది ప్రాణములను హరించినది. దానికి కొలది వారముల ముందే కలకత్తా అట్టి తుపానుకే బలియైనది. ఈ ఉపద్రవములును, ఆ వెనువెంటనే వచ్చిన అనావృష్టులును పాలకుల కన్నులు తెఱిపింపగా, 1875లో భారత వాతావరణశాఖ వెలసి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని తొలి అధికారి యయ్యెను. నేటికిని మన రేవులయందు ఒకటవ నంబరు మొదలు పదునొకండవ నంబరు వఱకు ప్రమాదసూచికల నెగురవేయుట ఆనాటి ఓడల కాలపు వారసత్వమే.

కృష్ణా మండలములోని జనులకు ఈ నంబర్లు కొట్టినపిండి. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేల మందిని పొట్టనబెట్టుకొనిన నాటినుండి, మచిలీపట్నపు రేవులో ఏ నంబరు ఎగురవేసినారో తెలిసికొనక నాగాయలంక, అవనిగడ్డ ప్రాంతములవారు నిద్రపోరు. అయితే ఆ భయము వారికి నేర్పినది సముద్రమువైపు చూచుట. బెజవాడవారు చూడవలసినది వాయవ్యమున నున్న కొండలవైపు.

వర్షఋతువునందు బంగాళాఖాతమున పుట్టు వాయుగుండములు సాధారణముగా తుపానులు కాజాలవు. సముద్రజలములు వెచ్చగానే యుండును, తేమకును కొదువ యుండదు; కాని ఆ మాసములయందు నేలకు చేరువగా పడమటిగాలియు, పండ్రెండు పదునాలుగు కిలోమీటర్ల యెత్తున మహావేగముతో తూర్పుగాలియు వీచుటచే, సుడి నిట్టనిలువుగా నిలిచి బలము పుంజుకొనుట కవకాశము చిక్కదు. అడుగు ఒకవైపునకు, శిరస్సు మఱియొకవైపునకు లాగబడి సుడి నైఋతిదిశకు ఒరగిపోవును. ఈ ఒరగుటలోనే మన కథయంతయు నున్నది: పశ్చిమముగా గాని వాయవ్యముగా గాని పయనించు ఋతుపవన వాయుగుండము తన అత్యధిక వర్షమును కేంద్రమున గాక, కేంద్రమునకు నైఋతిభాగమున కురిపించును. కళింగపట్నము వద్ద కేంద్రమున్నప్పుడు ఆ నైఋతిభాగమున నున్నవి ఖమ్మము, నందిగామ, మైలవరము, విజయవాడ, గుంటూరు. వాతావరణశాస్త్రము చదివినవారి కిది పాతపాఠమే. పత్రికలలో అచ్చగు పటమునందు మాత్రము తీరమును దాటు గీత యొక్కటే కానవచ్చును, పాఠకుడు తన యూరు ఆ గీతకు దూరమని తృప్తిపడును.

ఈ నైఋతిభాగమును కనిపెట్టియుండువారు పలువురు. మచిలీపట్నమునను విశాఖపట్నమునను ఉదయము అయిదున్నరకును సాయంత్రము అయిదున్నరకును బెలూను ఒకటి ఆకాశమున కెగసి, తనకు వ్రేలాడు చిన్న యంత్రముచేత పైపొరలలోని వేడిమిని, తేమను, గాలి దిక్కును క్రిందికి తెలుపుచు పోయి పోయి పగిలిపోవును. ఆ రెండు పట్టణములయందే డాప్లరు రాడారులు మేఘములలోని నీటిబొట్టుల కదలికను పట్టి చూపును. 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోటనుండి ఎగిరిన ఇన్సాట్-3డిఎస్, దానికి తోబుట్టువులైన మునుపటి ఉపగ్రహములు మేఘముల శిరస్సుల చిత్రములను పంపుచుండును. ఇన్ని యంత్రము లుండగా, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు వర్షమాపకములోని నీటిని కొలగాజులో పోసి చదువు ఉద్యోగి ఇప్పటికిని తప్పనివాడే. ‘నిన్న ఇన్ని సెంటీమీటర్ల వాన’ యని మనము చదువునది ఎనిమిదిన్నరనుండి ఎనిమిదిన్నరకు కొలిచిన లెక్క. విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రము, అమరావతి వాతావరణ కేంద్రము వీనినన్నిటిని కూర్చి సూచనలు వెలువరించును. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వానిని జిల్లాల కందించును. వీరికి తోడు జీతమునకు గాక మక్కువకొలది మబ్బులను చూచువారు నేడు బయలుదేరినారు. ‘ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్’ అను పేర ప్రసిద్ధుడైన సాయి ప్రణీత్ గారిని 2021లో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగమున పేర్కొనిరి. ఇట్టివారు సర్కారు భాషను విప్పి మన మాటలలో, మన యూళ్ల పేర్లతో చెప్పుదురు. వారు ఒక్కొక్కప్పుడు ఉత్సాహము మీఱి మాటాడుదురని గొణుగు పెద్దలు లేకపోలేదు గాని, రైతు కోతకత్తి పట్టుటకు ముందు వారి మాటను ఒకసారి చూచుకొనుచున్నాడన్నది యథార్థము.

ఇక వాన సంగతి. ఒక్కదినమున 64.5 మిల్లీమీటర్లు దాటిన భారీవర్షమనియు, 115.6 దాటిన అతిభారీ యనియు, 204.4ను మించిన అత్యంతభారీ యనియు లెక్క. ఆగస్టు 31వ తేదీ శనివారమున బెజవాడ, దాని పరిసరములు ఈ మూడవ హద్దును దాటినవి. మొగల్‌రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లపై బడి పలువురు మరణించిరి. ఇరువది సెంటీమీటర్లనగా మోకాలికి దిగువ మాటయే కదా యని తోచును. నూఱు చదరపు కిలోమీటర్ల కొండలపై ఇరువది సెంటీమీటర్లు కురిసిన, అది రెండుకోట్ల ఘనపు మీటర్ల నీరు. ప్రాజెక్టుల భాషలో ఇంచుమించు ముప్పాతిక టీఎంసీ. నేల అంతకుముందే తడిసి యున్నప్పుడు, కొండ ఏటవాలుగా నున్నప్పుడు, ఆ నీటిలో పెక్కుపాలు ఇంకక, కొలదిగంటలలో వాగులకు దిగును.

ఆ వాగులలో పేరుమోసినది బుడమేరు. మైలవరము కొండలలో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, బెజవాడ నగరమునకు ఉత్తరపుటంచున పాఱి, కొల్లేటిలో కలియవలసిన ఈ యేరు ఏడాదిలో పెక్కు నెలలు పశువులు దాటు పిల్లకాలువ. పొంగినప్పుడు మాత్రము బెజవాడ దుఃఖదాయిని యను బిరుదును సార్థకము చేసికొనును. దానిని నగరముమీదికి రాకుండ మళ్లించుటకై గత శతాబ్దమున వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అచ్చటినుండి దక్షిణముగా, కొండపల్లి పక్కగా, నార్ల తాతారావు విద్యుత్కేంద్రపు పొలిమేరలు తాకుచు ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియునట్లు మళ్లింపుకాలువ త్రవ్విరి. ఈ కాలువ చివరిపాయగుండనే పట్టిసీమ గోదావరి జలములు వచ్చి కృష్ణను చేరును. ఆ సంగమస్థలిని పవిత్రసంగమమని పిలుచుచున్నాము. ఊరివారికి మాత్రము ఆ రెగ్యులేటరు ‘వెలగలేరు లాకులు’. లాకులు మూసియున్నంతసేపు నీరు కాలువలోనికి, అనగా కృష్ణకు. లాకులు ఎత్తినచో నీరు పాత యేటిదారిన బెజవాడలోని సింగ్‌నగరుకు.

కొండపల్లి యనగానే మనకు దశావతారముల బొమ్మలును, అంబారీ యేనుగును, కొండపై నున్న కోటయు జ్ఞప్తికి వచ్చును. ఆ శనివారపు రాత్రినుండి మఱియొకటి కూడ జ్ఞప్తికి రావలసినదైనది: శాంతినగరు వద్ద కాలువకట్టకు పడిన గండ్లు. మళ్లింపుకాలువ మోయగలిగినది సుమారు 15,000 క్యూసెక్కులు. వచ్చినది 35,000కు తక్కువ కాదని చెప్పిరి. పదునైదువేల క్యూసెక్కులు దినమంతయు పాఱిన ఒకటింపాతిక టీఎంసీకి కొంచెము పైన. ముప్పదియైదువేలైన మూడు టీఎంసీలు. ఈ రెంటికి నడుమనున్న నీరు ఎక్కడికి పోవలెను? అప్పుడే కృష్ణయు పోటెత్తి యుండుటచే, కాలువ ముఖమున నది తలుపు మూసినట్లు నిలిచి, దిగవలసిన నీటిని వెనుకకు త్రోసినది. కట్టకు వేఱుదారి లేకపోయెను. దక్షిణముగా పాఱు కాలువకు ఎడమగట్టు తూర్పున నుండును. తూర్పున నున్నది బెజవాడ. ఎడమగట్టున మూడుచోట్ల గండిపడి ఆ నీరు, ఏ పాతదారినుండి దానిని తప్పించుటకై ఇన్ని దశాబ్దములు శ్రమపడితిమో ఆ పాతదారినే మరల పట్టినది. వెలగలేరు లాకులనుండి దిగిన నీరు దానికి తోడైనది. రాయనపాడు రైలుస్టేషను చెఱువయ్యెను. ఆదివారము తెల్లవాఱునప్పటికి అజిత్‌సింగ్‌నగరు, కొత్త రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురము, కండ్రిక మొదలైన పేటలలో లక్షలాది జనులు నడుములోతు, కొన్నిచోట్ల నిలువులోతు నీటిలో చిక్కిరి. డ్రోనులతో డాబాలపైకి అన్నపుపొట్లములు దింపవలసివచ్చెను.

కృష్ణ మాటను చెప్పక తీఱదు. శ్రీశైలము, సాగరు, పులిచింతల దాటి వచ్చిన వరదకు మునేరు, వైరా, కట్టలేరు పులిచింతల దిగువన వచ్చి కలియగా, 1957లో ప్రారంభమైన ప్రకాశము బ్యారేజీ సెప్టెంబరు 2వ తేదీన 11.43 లక్షల క్యూసెక్కులను, అనగా సెకనుకు మూడుకోట్ల లీటర్లకు మించిన నీటిని వదలినది. అంతటి వరదను ఆ బ్యారేజీ తన జీవితమున అంతకుముందు చూచి యెఱుగదు. కొట్టుకొనివచ్చిన పడవలు గేట్ల బరువుదిమ్మెలను విఱుగగొట్టినను బ్యారేజీ నిలిచినది. రక్షణగోడ చాటున కృష్ణలంకయు చాలవఱకు నిలిచినది. మహానదికి కట్టిన కాపు నెగ్గి, పిల్లకాలువకు కట్టిన కాపు ఓడినదని స్పష్టముగా చెప్పవచ్చును. పెద్దదానిని చూచి భయపడుటకు అలవాటుపడిన దృష్టికి చిన్నది ఆనదు; వాయుగుండమునకును తుపానునకును గల తారతమ్యమువంటిదే బుడమేటికిని కృష్ణకును గల తారతమ్యము.

వాతావరణశాఖ చెప్పలేదా యనిన, చెప్పినది. కోస్తాకు భారీనుండి అత్యంతభారీ వర్షములున్నవని హెచ్చరించినది. కాని ఆ హెచ్చరిక జిల్లాలతో ఆగును. ఎన్.టి.ఆర్. జిల్లాకు ఎఱుపురంగు పూసిన పటమును చూచి, పాయకాపురములో అద్దెయింటి క్రింది అంతస్తునందున్న గృహిణి తన బియ్యపుడబ్బాను అటకెక్కించవలెనో అక్కఱలేదో తేల్చుకొనజాలదు. ఆకాశమునుండి నేలకు దిగువఱకు నీటిని వెంటాడుటకు ఉపగ్రహములున్నవి. నేలపై బడిన తరువాత అదే నీరు మైలవరపు కొండలనుండి వెలగలేరుకు, వెలగలేరునుండి సింగ్‌నగరుకు వచ్చుటకు పట్టు గంటలను లెక్కించి చెప్పువాడు వేఱొకడు కావలెను. అతడు లాకుల వద్దనుండు లస్కరు. అతని చేతిలోని నీటిమట్టపు బద్ద. అతడు ఫోను చేయవలసిన వాని ఫోను ఆ రాత్రి మ్రోగుట. వాన ఎంత కురియునో రెండుమూడు దినముల ముందు చెప్పగలుగుట గొప్పవిద్యయే, కాని లాకులెత్తుటకు మూడుగంటల ముందు పేటలో మైకు మ్రోగించుట దానికంటె ఎక్కువ ప్రాణములు కాపాడునని నా నమ్మకము. నేడు వాతావరణశాఖవారును ఎంత వాన కురియుననుటతో నిలువక, ఆ వాన ఏ రహదారిని, ఏ పల్లపు ప్రాంతమును, ఏ పైరును బాధించునో కూడ చెప్పుపద్ధతికి వచ్చుచున్నారు. అది సరియైన బాట. ఆ బాటలో వాగుల లెక్క వచ్చి చేరవలసియున్నది.

నగరమున నీరు తగ్గుచుండగనే, అది దిగువన నందివాడ మండలపు పల్లెలను, కొల్లేటి అంచులను ముంచినది. కొల్లేరు చేపలచెఱువుల గట్లతో ఇఱుకై, ఉప్పుటేరు మందగించి, ఆ నీరు సముద్రమును చేరుటకు దినములు పట్టినది. కొండపల్లి వద్ద జలవనరులమంత్రి నిమ్మల రామానాయుడు గారు గట్టుపైననే రేయింబవళ్లు ఉండగా, రెండు గండ్లు పూడ్చి, మూడవదానికి సైన్యమును పిలిపించి, ఇనుపవలలలో రాళ్లు నింపి దించి, సెప్టెంబరు 7వ తేదీకి నీటిని ఆపిరి. వినాయకచవితి ఆ దినముననే వచ్చినది. గట్టుపై పనివారు లారీలనుండి రాళ్లు దింపుచున్న ఆ గంటలలో విశాఖ కేంద్రమువారు బంగాళాఖాతమున ఇంకొక అల్పపీడనమును చూచుచుండిరి. అది తీవ్ర వాయుగుండమై, ఉత్తరముగా జరిగి, 9వ తేదీన ఒడిశాలోని పూరీ వద్ద తీరము దాటినది. దానికిని పేరు లేదు.