కెమెరా కంటే ముందు పలకరింపు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కొత్త ప్రాంతంలో అపరిచితులను ఫొటో తీసే ముందు ఎందుకు అడగాలో వివరించగలుగుతారు.
• అడిగే పద్ధతిని చెప్పగలుగుతారు.
• ఏ సందర్భాలలో ఫొటో తీయకూడదో గుర్తించగలుగుతారు.

1. కొత్తవారు ఎవరు?

మీరు జంషెడ్‌పూర్‌లోని కదమలో ఉంటున్నారనుకొందాం. అక్కడ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇరుగుపొరుగువారు మిమ్మల్ని ఎరుగుదురు. ఒక ఆదివారం సెల్‌ఫోను పట్టుకొని, ఎన్నడూ చూడని జుగ్సలాయి బజారుకు వెళ్లారు. కూరగాయలు అమ్మే ఒక ముసలమ్మ ముఖం మీద ఉదయపు ఎండ పడుతోంది. మంచి ఫొటో అవుతుందని మీకు అనిపించింది.

మీ దృష్టిలో ఆమె అపరిచితురాలు. కాని ఆ వీధి ఆమెది. అక్కడ కొత్తవారు మీరే. ఈ సంగతి గుర్తుంచుకొంటే తక్కిన నియమాలు సులభంగా అర్థమవుతాయి.

2. ఫొటో ఎంతదూరం పోతుంది?

స్విట్జర్లాండు దేశస్థుడైన వెర్నర్ బిషోఫ్ అనే ఫొటోగ్రాఫరు 1951లో మన దేశానికి వచ్చాడు. బీహారులో కరవు బాధితులను, అప్పట్లో బీహారులోనే ఉన్న జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారాన్ని ఫొటోలు తీశాడు. కరవు చిత్రాలు అమెరికాలోని 'లైఫ్' పత్రికలో అచ్చయ్యాయి. ఇక్కడి ఆకలి అక్కడివారికి కంటికి కనిపించింది. ఫొటోకు అంత శక్తి ఉంది.

ఆ రోజులలో ఫిల్ము కడిగి, ప్రింటు వేసి, పత్రికకు పంపాలి. ఇప్పుడు ఫొటో నిమిషంలో వందలమందికి చేరుతుంది. దాని కింద ఎవరైనా "దిక్కులేని ముసలమ్మ" అని రాస్తే ఆ మాట ఆమెకు అంటుకొంటుంది. నిజానికి ఆమె ఆ కూరగాయల బుట్టతోనే పిల్లలను చదివించి ఉండవచ్చు. ఆ మాట కాదనడానికి ఆమెకు అవకాశమే ఉండదు.

3. అనుమానం ఎందుకు కలుగుతుంది?

2017 మే నెలలో జంషెడ్‌పూర్ పరిసరాలలో, పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారనే వదంతి వాట్సాప్ ద్వారా వ్యాపించింది. దానిని నమ్మిన గుంపులు పలువురు అమాయకులను కొట్టి చంపాయి. అవి ఫొటోల వల్ల జరిగినవి కావు. అయినా కొత్త మనిషిని చూస్తే భయం ఎంత త్వరగా పుడుతుందో వాటివల్ల తెలుస్తుంది. పలకరించకుండా తన బిడ్డవైపు ఫోను ఎత్తిన మనిషిని చూసి తల్లి కంగారుపడటం సహజం. మీ పలకరింపు ఆమెకూ, మీకూ రక్షణ.

4. ఎలా అడగాలి?

(అ) ఫోను జేబులో ఉంచి ముందు వీధంతా ఒకసారి నడవండి. టీకొట్టు దగ్గర ఆగి, మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పండి.
(ఆ) పెద్దవారికి నమస్కారం పెట్టి, "ఆప్‌కీ ఫోటో లూఁ?" అని హిందీలో అడగండి. భాష రాకపోతే ఫోను చూపి సైగ చేసినా చాలు.
(ఇ) పిల్లలు తామే వచ్చి తీయమన్నా సరే, తల్లిదండ్రులను అడగండి.
(ఈ) తీసిన ఫొటోను వారికి చూపండి. ఇతరులకు పంపదలచుకొంటే ఆ విషయం కూడా అడగండి.
(ఉ) వద్దంటే నవ్వి, ముందుకు సాగండి. చాటుగా తీయకండి. తీసిన తరువాత వద్దంటే వారి ఎదుటే తొలగించండి.

ప్రమాదంలో గాయపడినవారిని, ఏడుస్తున్నవారిని, ఇంటిముందు స్నానం చేస్తున్నవారిని తీయకండి.

5. చట్టం ఏమంటుంది?

బహిరంగ వీధిలో ఫొటో తీయడమే నేరం కాదు. అయితే చాటున స్నానం చేస్తున్న లేదా బట్టలు మార్చుకొంటున్న స్త్రీని ఫొటో తీయడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం నేరం. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. చట్టం అడ్డు చెప్పని చోట కూడా ఎదుటివారి ఇష్టాన్ని అడగటం మన బాధ్యత.

మీరు ఏమి నేర్చుకొన్నారు?

కొత్త ప్రాంతంలో అపరిచితులు మనమే. ఫొటో మన చేతిలో ఉన్నా, అందులోని ముఖం వారిది.

పాఠ్యగత ప్రశ్నలు

1. ముసలమ్మ ఫొటో కింద తప్పుమాట రాస్తే ఆమెకు కలిగే నష్టం ఏమిటి?
2. మీకు తెలియకుండా ఎవరైనా మీ ఫొటో తీస్తే మీరు ఏమంటారు? నాలుగు వాక్యాలలో రాయండి.