పాతకారులయందు ఇంజను ఆయిలు కారుట

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో ఇంటిముంగిళ్లు తరచుగా కడపబండలతో పరచబడి యుండును. ఆ బండ నల్లనిది. వాడిన ఇంజను ఆయిలును నల్లనిదే. కావున రాత్రి కారుక్రింద రాలిన బొట్టు ఉదయమున యజమాని కంటబడదు. పులివెందుల వైపు మన్నుమీద నిలిపినచో అది నేలలో నింకిపోవును. ఇట్లు పాతకారునందు ఆయిలు కారుట వారములకొలది తెలియకయే సాగును. ఎండవేళ దూరప్రయాణమున ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోయిన తరువాత గాని కొందరు బానెటు నెత్తి చూడరు. అప్పటికి బేరింగులు చెడి క్రాంకుషాఫ్టు పట్టుకొన్నచో, మరమ్మతున కగు వ్యయము మావంటి ఉపాధ్యాయుల కుటుంబములకు మోయరాని భారము. పది రూపాయల వాషరుతో తీరవలసిన పని అంతదూరము పోవుట విచారకరము.

ఇచట మేము అంబాసిడరు కారును దృష్టియం దుంచుకొని వ్రాయుచున్నాము. మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై ఉత్తరపాడా కర్మాగారములో హిందుస్థాన్ మోటార్సువారు నిర్మించిన ఈ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. దానిలో బహుకాలము వాడబడిన 1489 ఘనసెంటీమీటర్ల పెట్రోలు ఇంజను ఇంగ్లండులోని బి.ఎం.సి. సంస్థ రూపొందించిన బి-శ్రేణికి చెందినది. ఇతరములైన పాతకారులకును ఇందలి విషయములు చాలవఱకు వర్తించును.

మొదట కారుచున్నది ఏ ద్రవమో తెలిసికొనవలెను. రాత్రి కారుక్రింద తెల్లకాగితములు పరచి, ముందుచక్రములు ఉన్నచోటును వానిపై గుర్తించి, తెల్లవారిన పిదప చూడవలెను. నల్లగనో గోధుమవన్నెగనో జిడ్డుగా నున్నది ఇంజను ఆయిలు. చిక్కగానుండి గంధకపు వాసన కొట్టునది గేరు ఆయిలు. పలుచగానుండి చక్రమునొద్ద కనబడునది బ్రేకు ద్రవము కావచ్చును. అట్లయినచో కారును వెలికి తీయక ముందు బ్రేకు సంగతి చూడవలెను.

బొట్టు పడినచోటనే రంధ్రమున్నదని తలంచుట పొరపాటు. ఆయిలు పైనుండి క్రిందికి జారును. కారు పరుగెత్తునప్పుడు గాలి దానిని వెనుకకు నెట్టును. కావున తడిసిన భాగములన్నిటిలో మిక్కిలి ఎత్తుననున్నదియు, మిక్కిలి ముందున్నదియు నగు స్థలమునే వెదకవలెను. మన రేగడినేలల దుమ్ము జిడ్డుతో కలిసి ఇంజనుపై బంకవలె పట్టియుండుటచే ఇది యట్లే కనబడదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట బ్యాటరీ తీగ నూడదీసి, కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో తుడిచి, గుడ్డతో ఆర్చవలెను. తరువాత అనుమానమున్న అంచులపై సుద్దపొడి పలుచగా చల్లవలెను. పాఠశాలలో దానికి కొదువ లేదు గదా! అయిదారు మైళ్లు నడిపి తిరిగివచ్చి చూచిన, తెల్లని పొడిమీద తడిచార ఎచట మొదలైనదో స్పష్టమగును.

మాకు తెలిసిన యొక కారు విషయమున ఒక వర్కుషాపువారు ఇంజను దింపనిదే పని కాదని చెప్పిరి. సుద్దపొడి చల్లి చూడగా తడి ఇంజను ప్రక్కనున్న టాపెట్ మూతనుండి బయలుదేరి వెనుకకు ప్రాకుచున్నట్లు తేలినది. కార్బ్యురేటరు క్రింద, పొగగొట్టముల చాటున నుండుటచే ఆ మూత ఎవరికిని కానరాదు. దాని కార్కు ప్యాకింగు ఎండి పగిలియుండెను.

ప్యాకింగులను మార్చుటకు ముందు ఇంజను ఊపిరిగొట్టమును పరీక్షింపవలెను. పిస్టను రింగులను దాటి కొంత వాయువు నిత్యము క్రిందికి దిగుచుండును. అది పోవు గొట్టము మడ్డితో మూసికొనినచో లోపల ఒత్తిడి పెరిగి, మంచి ప్యాకింగుల గుండ కూడ ఆయిలును వెలికి త్రోయును. గొట్టము శుభ్రముగానున్నను, ఇంజను నడుచుచుండగా ఆయిలు పోయు మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున వచ్చినచో రింగులు అరిగినవని గ్రహింపవలెను. అది చిన్న మరమ్మతు కాదు.

రాకరు కవరు ప్యాకింగు సులభముగా మార్చదగినది. పాతకార్కును పూర్తిగా గీకి, మూతయంచు వంగినదేమో సమతలమైన బండపై నుంచి చూచి, క్రొత్తదానిని మూతవైపు మాత్రమే జిగురుతో అంటింపవలెను. ఎండి కుదించుకొనిన కార్కును కొంతసేపు నీటిలో నుంచిన మరల కొలతకు వచ్చును. ఇక నట్టుల సంగతి. కారుచున్నదని బలముకొలది బిగించుటచే కార్కు చితికి, మూత వంగి, కారుట హెచ్చును. మెత్తగా, వంతులవారీగా బిగింపవలెను.

ఆయిలు దింపు బిరడాక్రింది రాగివాషరు వాడుకచే గట్టిపడును. క్రొత్తది దొరకనిచో దానిని ఎఱ్ఱగా కాల్చి నీళ్లలో ముంచిన మెత్తపడి మరల అతుకును. ప్రొద్దుటూరు కంసాలులకు ఈ రహస్యము క్రొత్తది కాదు. ఆయిలు ఫిల్టరు మార్చునపుడు పాత రబ్బరు వలయము గాడిలోనే అంటుకొని మిగిలిపోవుట కలదు. దానిపై రెండవది వేసినచో ధారగా కారును.

ఇంజనుకును గేరుపెట్టెకును నడుమ రాలు బొట్టును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. ఈ ఇంజను వెనుకభాగమున రబ్బరు సీలు లేదు. క్రాంకుషాఫ్టుపై చెక్కిన మరగాడి తిరుగుచు ఆయిలును లోపలికి మరల్చును. ఇంజను నిలిచినచో ఆ పనియు నిలుచును. అప్పుడు రెండుమూడు బొట్లు రాలుట దాని స్వభావము. దానికై గేరుపెట్టె నూడదీయించుట మా యభిప్రాయమున వృథావ్యయము. క్లచ్చు జారుట మొదలిడినను, ఆయిలు మట్టము త్వరత్వరగా తగ్గుచున్నను మాత్రమే ఆ పనికి పూనుకొనవలెను. మరీ పలుచని ఆయిలు పోసిన ఇది హెచ్చగును.

కారుక్రిందికి దూరువారు బండలు పేర్చి వానిపై కారును నిలుపరాదు. కడపబండ పలకగా నుండుటచే బరువునకు హఠాత్తుగా విరుగును. జాకీని మాత్రమే నమ్మి దూరుటయు ప్రాణాపాయమే. ఇనుప స్టాండ్లు ఉండితీరవలెను. మఱియొక హెచ్చరిక. పులివెందుల సమీపమున బ్రాహ్మణపల్లె, లోపటనూతల ప్రాంతములలో త్రవ్వబడిన రాతినార వంటి పదార్థమే పాతకారుల సిలిండరు హెడ్డు, పొగగొట్టముల ప్యాకింగులలో వాడబడెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు క్యాన్సరు కలిగించును. అట్టి ప్యాకింగులను పొడిగా గీకరాదు, ఊదరాదు. తడిపి తీసి సంచిలో కట్టివేయవలెను. బాలుర నీ పనికి నియోగింపరాదు.

మరమ్మతైన పిదప ఒక నెల వఱకు ప్రతి ఆదివారము సాయంకాలమున, కారును సమతలమున నిలిపి, పది నిమిషములు ఆగి, కొలతకడ్డీ తుడిచి ముంచి మట్టమును చూచి పుస్తకములో వ్రాసికొనుచుండవలెను. దింపిన పాత ఆయిలును పెన్న ఇసుకలోనో బావిగట్టుననో పారబోయక, డబ్బాలో మూసి, దానిని సేకరించువారికి అప్పగింపవలెను.