కాగితపు నమూనా, మన ఇంటి కొలత

రమజాన్ నెల సగానికి వచ్చేసరికి మెదక్ బజారులోని దర్జీ దుకాణాల ముందు ‘ఆర్డర్లు బంద్’ అన్న అట్టముక్కలు వేలాడుతాయి. అసలు బట్టలు ఇళ్లకు చేరేది మాత్రం ఆ తరువాతే. గల్ఫ్ నుండి డబ్బు అందేది అప్పుడే, హైదరాబాద్ మదీనా, పత్తర్‌గట్టీల బేరసారాలు ముగిసేదీ అప్పుడే. ఈద్ ముందు రోజు రాత్రి దర్జీ గడప వద్ద నిలబడి కాజాలు కుట్టించుకున్న అనుభవం లేని కుటుంబం మన ఊళ్లో ఉంటుందని మేము అనుకోము. మూడేళ్లుగా ఆ అట్టముక్క మా ఇంటిని కలవరపెట్టడం లేదు. అందుకు కారణం మిషను కాదు; మిషను మా అత్తగారి కాలం నుండీ ఇంట్లో ఉన్నది. కారణం కాగితం.

జిద్దాలో ఉండే మా ఖాలాజాన్ ఒక సెలవులకు వస్తూ విదేశీ కుట్టు పత్రిక ఒకటి, అచ్చు నమూనాల కవర్లు రెండు తెచ్చారు. వాటిని విప్పి చూసినప్పుడు రైల్వే పటంలా ఒకదానిపై ఒకటి పడిన గీతలు తప్ప మాకేమీ అర్థం కాలేదు. అయినా ఆ గీతల వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ, వేర్వేరు సైజులలో కాగితపు నమూనాలను అమ్మడం ప్రారంభించారు. అంతకు ముందు పత్రికలలో వచ్చే బొమ్మలన్నీ ఒకే కొలతకు ఉండేవి. మిగిలినది గృహిణి ఊహకే వదిలేవారు. 1950లో జర్మనీలోని ఆఫెన్‌బుర్గ్ పట్టణంలో ఎన్నె బుర్దా అనే మహిళ స్థాపించిన పత్రిక, రెండేళ్ల తరువాత నమూనాల కాగితాన్ని సంచికలోనే జతచేసి ఇంటింటికీ పంపసాగింది. యుద్ధంతో చితికిపోయిన దేశంలో స్త్రీలు తమ దుస్తులను తామే కుట్టుకునే వీలు ఆ కాగితం కల్పించింది.

మన పెద్దలకు ఈ కాగితంతో పని లేకపోయింది. మా దాదీమా కుర్తా కత్తిరించిన తీరు మాకిప్పటికీ కళ్లకు కట్టినట్టున్నది. జానతోనూ మూరతోనూ కొలిచి, బట్టను నిలువుగా చించి, నడుముకు పొడవాటి ముక్క, పక్కలకు కళీలు, చంక కింద నలుచదరపు చౌబగ్లా, పైజామాకు మియానీ, అన్నీ సరళ రేఖలే. గుప్పెడు ముక్క కూడా వృథా అయ్యేది కాదు. ఆ కుర్తా ఎవరికీ బిగుతు కాదు, ఎవరికీ సరిగ్గా సరిపోదు కూడా! వంపులున్న భుజం, గుండ్రని చంక, డార్టులు వచ్చాకనే కాగితం అవసరం ఏర్పడింది.

మా మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. ఛాతీ చుట్టుకొలత 36 అంగుళాలు కనుక పత్రికలో 36 అని ఉన్న గీతను అనుసరించి, మంగళగిరి నేత బట్ట రెండున్నర మీటర్లు ధైర్యంగా కత్తిరించాము. ఖమీజ్ మెడ దాటి కిందకు దిగలేదు. తప్పు మాదే, ముందుగా కొలతల పట్టికను చదవలేదు. ఐరోపా పద్ధతిలో 36వ సైజు అంటే 84 సెంటీమీటర్ల ఛాతీ, అనగా 33 అంగుళాలు. మన 36 అంగుళాలకు అక్కడి సైజు 40. అదే కొలతకు అమెరికా కవర్లపై సాధారణంగా 14 అని ఉంటుంది. కవరుపై ఉండే అంకె పేరు వంటిది, కొలత కాదు. టేపుతో ఛాతీ, నడుము, పిరుదులు కొలిచి, పట్టికలోని సెంటీమీటర్లతో పోల్చిన తరువాతే గీతను ఎంచుకోవాలి. పాడైన ఆ మంగళగిరి బట్ట మా చిన్నదాని ఫ్రాకుగా మారింది కనుక వృథా చేసిన పాపం నుండి బయటపడ్డామని సరిపెట్టుకున్నాము.

రెండవ ప్రయత్నంలో చుట్టుకొలతలు కుదిరాయి గానీ, నడుము వంపు పిరుదుల మీదకు దిగింది. దీని కారణం తెలిసిన రోజున మాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. ఈ నమూనాలను దాదాపు 168 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీని దృష్టిలో ఉంచుకుని గీస్తారు. మన దేశపు స్త్రీల సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు. అంటే ఆరు అంగుళాల పైచిలుకు తేడా. చాలామంది ఈ తేడాను అంచు వద్ద కత్తిరించి తీసివేస్తారు. అలా చేస్తే పొడవు తగ్గుతుంది, కానీ నడుము, చాకు మాత్రం ఆ పొడవైన స్త్రీకి ఉండవలసిన చోటనే ఉండిపోతాయి. వీపు పొడవు, అంటే మెడ వెనుక ఎముక నుండి నడుము దాకా ఉండే కొలత, మనిషి ఎత్తులో ఇంచుమించు నాలుగవ వంతు ఉంటుంది. 168కి 42, 152కి 38. కనుక చంకకూ నడుముకూ మధ్య కాగితంపై అడ్డంగా గీత గీసి, అక్కడే నాలుగు సెంటీమీటర్లు మడిచి అతికించాలి. మిగిలిన తేడాను నడుము కింద ఒక చోట, చేతికి మోచేయి పైన ఒక చోట పంచుకోవాలి. మంచి నమూనాలలో ‘ఇక్కడ తగ్గించండి’ అన్న జంట గీతలు ముందే అచ్చువేసి ఉంటాయి.

మన దేశపు శరీరాలకు సొంత కొలతల పట్టిక ఉండాలన్న ఆలోచన ఎట్టకేలకు వచ్చింది. కేంద్ర జౌళి శాఖ తోడ్పాటుతో నిఫ్ట్ సంస్థ చేపట్టిన ‘ఇండియా సైజ్’ సర్వే, 15 నుండి 65 ఏళ్ల వయసుగల 25 వేల మందికి పైగా స్త్రీపురుషులను త్రీడీ స్కానర్లతో కొలవాలని తలపెట్టింది. ఎంచుకున్న నగరాలలో హైదరాబాద్ కూడా ఉన్నది. ఆ లెక్కల ఫలం మెదక్ గృహిణి చేతికి కాగితంగా అందే దాకా ఈ మడతలే మనకు శరణ్యం.

మరొక పరీక్ష ఏ విదేశీ కవరుపైనా రాసి ఉండదు. వాళ్లు దుస్తులను నిలబడి, కూర్చుని చూస్తారు. మనం రుకూ, సజ్దా చేసి చూడాలి. తక్బీర్‌కు చేతులెత్తినప్పుడు మణికట్టు బయటపడుతున్నదా? సజ్దాలో వెనుక భాగం పైకి లేస్తున్నదా? మా తోటికోడలు కుట్టుకున్న మొదటి అబాయా అద్దం ముందు ఎంతో హుందాగా ఉన్నది. చేతులెత్తగానే మొత్తం వస్త్రం పైకి వచ్చి చీలమండలు కనిపించాయి. చంక లోతు తక్కువైందనుకుని మరింత కిందకు కోశాము. ఇంకా పైకి లేచింది! బజారులో దర్జీ పని చేసే ఒక పెద్దమనిషి, మేము చాచా అని పిలుస్తాము, దానిని చూసి నవ్వి, “బేటీ, చంక ఎంత కిందకు దిగితే చెయ్యి అంత బరువును ఎత్తుతుంది” అన్నారు. వదులుగా ఉండాలంటే చుట్టుకొలతలో వదులు ఉండాలి. చంక మాత్రం శరీరానికి దగ్గరగా, పైన ఉండాలి. లేదా దాదీమా చౌబగ్లా మళ్లీ పెట్టాలి. ఆ చిన్న నలుచదరపు ముక్క పనితనం మాకు అప్పుడు తెలిసివచ్చింది.

చిన్న విషయాలు కొన్ని త్వరగా చెబుతాము. కొన్ని నమూనాలలో కుట్టు మార్జిన్ కలిసే ఉంటుంది, కొన్నిటిలో మనమే కలపాలి. ముందు అది చదవాలి. కలిసి ఉన్నా అది ఒకటిన్నర సెంటీమీటరే. ఒళ్లు వచ్చినా, బట్ట అక్క నుండి చెల్లికి మారినా విప్పుకునేందుకు పక్కలకు మనవాళ్లు వదిలే అంగుళం మార్జిన్‌ను వదులుకోవద్దని మా అభిప్రాయం. నూలు బట్టను కత్తిరించకముందే ఒక రాత్రి నానబెట్టి ఆరవేయాలి. కాగితంపై ఉండే పొడవాటి బాణం గుర్తు బట్ట అంచుకు సమాంతరంగా ఉండాలి, లేకుంటే ఉతికాక ఖమీజ్ మెలితిరుగుతుంది. మంచి బట్ట జోలికి పోయేముందు పాత దుప్పటితో ఒకసారి కచ్చా కుట్టు వేసి చూసుకోవాలి.

దుప్పటితో చూసుకోవడం మా ఇంటి పెద్దమ్మాయి విషయంలో మమ్మల్ని కాపాడింది. ఆమెకు పద్నాలుగేళ్లు. వెన్నెముక కొంచెం పక్కకు వంగి ఉన్నదనీ, ప్రస్తుతానికి ఆరు నెలలకొకసారి చూపిస్తే చాలుననీ డాక్టరు చెప్పారు. ఎడమ భుజం అర అంగుళం కిందకు ఉంటుంది. చూపులో అది పెద్దగా తెలియదు, కానీ రెండు భుజాలకూ ఒకే కొలతతో కుట్టిన ఖమీజ్‌లో ఎడమ వైపు ముడతలు పడి, మెడ పక్కకు జారి, తేడా అందరికీ తెలిసేది. ఒక పెళ్లిలో ఎవరో బంధువు “పిల్లను తిన్నగా నిలబడమనండి” అన్నారు. ఆనాటి నుండి ఆ పిల్ల వేసవిలో సైతం మందపాటి షాలు తీయడం మానేసింది, దావత్‌లంటే తలనొప్పి అని చెప్పసాగింది. ఒక దుకాణంలో భుజానికి దూది ప్యాడు పెట్టారు. ఆమె దానిని ఇంటికి రాగానే పీకివేసింది.

సాధారణంగా నమూనా సగానికే ఉంటుంది. బట్టను మడిచి పెట్టి కత్తిరిస్తే రెండు వైపులూ అద్దంలో ప్రతిబింబంలా ఒకేలా వస్తాయి. మేము పాత వార్తాపత్రికలు అతికించి ముందు భాగం, వెనుక భాగం పూర్తిగా గీశాము. ఎడమ భుజం చివర అర అంగుళం దించి, మెడ వద్ద మాత్రం కదపలేదు. భుజం దిగినంత మేరకు చంక అడుగునూ దించాము. లేకుంటే చంక చుట్టుకొలత తగ్గి చెయ్యి పట్టదు. దుప్పటితో కుట్టి తొడిగితే కుడి భుజం దిగింది! ముందు భాగం కాగితాన్ని ఎదురుగా చూసినప్పుడు తొడుక్కునేవారి ఎడమ వైపు మనకు కుడి చేతి వైపు వస్తుందన్న సంగతి మరచి గీసాము. దుప్పటికి రెండు ముఖాలూ ఒకటే కనుక తిరగేసి తొడిగాము, సరిపోయింది. పూల అచ్చున్న ఈద్ బట్టయితే ఆ తప్పుకు పరిహారం ఉండేది కాదు. ఇప్పుడు కాగితంపై ‘ఎడమ’ అని తెలుగులోనూ ఉర్దూలోనూ పెద్దగా రాశాము.

ఆ ఖమీజ్ తొడుక్కుని ఆమె అద్దం ముందు చాలాసేపు నిలబడింది. ఏమీ అనలేదు. ఈద్ నాడు ఫుప్పూ వాళ్లింటికి షాలు లేకుండా, పల్చని దుపట్టాతో వచ్చింది.

ఇంట్లో కుట్టుకుంటే దర్జీల పొట్ట కొట్టినట్లు కాదా అని మమ్మల్ని అడిగినవారున్నారు. కుట్టుపని మనలో గౌరవం గల వృత్తి; హజ్రత్ ఇద్రీస్ (అలైహి) దానికి ఆద్యులని దర్జీలు చెప్పుకుంటారు. దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు. షేర్వాణీ, కోటు మేము ఈనాటికీ చాచా వద్దకే తీసుకుపోతాము. కాగితంలోని తప్పులు చూపించుకున్నందుకు ఆయన వద్దన్నా కూలి ఇస్తాము. మా అసలు బాధ మరొకటి. రాష్ట్రంలో మైనారిటీ మహిళలకు ప్రభుత్వం కుట్టు మిషన్లు పంచుతున్నది. 2024లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించింది. మిషను ఇంటికి చేరుతున్నది. కొలిచే, గీసే విద్య దానితో పాటు రావడం లేదు. మిషను వచ్చిన చాలా ఇళ్లలో అది జాకెట్ల అంచులు, దిండు గలీబులు దాటి ముందుకు పోలేదని మేము మా వీధిలోనే చూశాము. వారిలో నలుగురు ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటికి పాత పేపర్లతో వస్తున్నారు. ఇతరుల బట్ట కుట్టినప్పుడు మిగిలిన ముక్క, ఎంత చిన్నదైనా, మూటలో పెట్టి తిరిగి ఇవ్వాలన్నది అక్కడ మేము పెట్టుకున్న మొదటి షరతు; అది అమానతు.

రజబ్ నెలలో పెద్దమ్మాయిని మళ్లీ డాక్టరుకు చూపించి, ఇంటికి వచ్చాక టేపు తీశాము. ఎడమ భుజం తేడా అర అంగుళమే ఉన్నది, పెరగలేదు. పాత కాగితమే వాడాము. పొడవు మాత్రం నడుము కింద ఒకటిన్నర అంగుళం కలపవలసి వచ్చింది.