సముద్రమా... నగరమా?

సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, ఇంట్లో ఎన్నికల వాతావరణం వచ్చేస్తుంది. ఎవరి పార్టీ వారిది, ఎవరి ప్రచారం వారిది. ఆరో తరగతి చదువుతున్న మా చిన్నాడిది సముద్రం పార్టీ. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న అమ్మాయిది హైదరాబాద్ పార్టీ. మా అత్తగారికి ఎక్కడైనా ఫర్వాలేదు, దారిలో ఒక గుడి ఉండాలి. ఇక మా వారు! 'మీరంతా ఏదంటే అదే' అని పేపరు అడ్డం పెట్టుకుంటారు కానీ ఓటు ఎప్పుడూ తక్కువ ఖర్చయ్యే వైపే. మీ ఇంట్లోనూ ఇంతేనా?

మాది విజయవాడ. పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లి రత్నాచల్ ఎక్కితే విశాఖ, శాతవాహన ఎక్కితే హైదరాబాద్. ఎటు వెళ్లినా ఒక పూట ప్రయాణమే. దూరం పేరు చెప్పి ఒకదాన్ని తోసిపుచ్చే వీల్లేదన్నమాట. గడిచిన నాలుగేళ్లలో రెండూ ఒకసారి చొప్పున చూసొచ్చాం. ఆ అనుభవంతోనే ఈసారి కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ ఏం చూడాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరికి ఎంత శ్రమ, ఎవరికి ఎంత విశ్రాంతి అన్న లెక్క మాత్రం మనమే వేసుకోవాలి.

డబ్బు ఎక్కడ పోతుంది?

నగరంలో డబ్బు గంట గంటకీ పోతుంది. మ్యూజియం టిక్కెట్టు, జూ టిక్కెట్టు, ఒకచోట నుంచి ఇంకోచోటికి ఆటో, మధ్యలో దాహం, ఆకలి. ఇవన్నీ అయ్యాక చార్మినార్ పక్కన లాడ్ బజార్! లక్క గాజుల మీద రాళ్లు మెరుస్తుంటే చేతులు ముడుచుకుని నడిచే ఆడవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దండం పెడతాను. పైగా ఈ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది చెప్పే మా అమ్మాయి నాలుగు జతలు కొనిపించింది.

సముద్రం దగ్గర గది అద్దె, తిండి తప్ప పెద్ద ఖర్చు కనపడదు. అలలకి టిక్కెట్టు లేదు కదా! విశాఖలో రామకృష్ణా బీచ్‌లో సాయంత్రం కూర్చుంటే మొక్కజొన్న పొత్తులు, మరమరాల మిక్స్చరుతోనే పొద్దుపోతుంది. అయితే సముద్రం కనపడే గదికీ, రెండు వీధులు వెనక ఉన్న గదికీ అద్దెలో చాలా తేడా ఉంటుంది. కిటికీలోంచి చూసే అలల కోసం అంత పెట్టడం ఎందుకు? నాలుగడుగులు వేస్తే ఒడ్డుకే వెళ్తాం.

రైలు లెక్క కూడా మారింది. పెద్దవాళ్లకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. అయిదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ తీసుకోవడం 2016లోనే మొదలైంది. రిజర్వేషన్ గడువు కూడా 2024 నవంబర్ నుంచి నాలుగు నెలల బదులు అరవై రోజులైంది. అందుకే ప్రయాణం తేదీకి రెండు నెలల ముందు రోజుని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టి పెట్టుకున్నాను.

మోకాళ్ల మాట వినాలి

మా అత్తగారికి డెబ్భై రెండేళ్లు. మెట్లంటే భయం. హైదరాబాద్‌లో గోల్కొండకి వెళ్లాం. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. చిన్నాడు పైకి పరుగెత్తాడు, ఆవిడ కింద చెట్టు నీడన కూర్చున్నారు. 'నేను ఇక్కణ్నుంచి చప్పట్లు కొడతాలేరా, నువ్వు విను' అన్నారు. అందరం నవ్వాం కానీ నాకు మనసులో చివుక్కుమంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం ఆవిడ ఎంతో సంబరపడ్డారు. గంట గంటకీ బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం ముందు అందరితోపాటు కుర్చీలో కూర్చుని చూశారు. మేలిముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర 'రాయిని పల్చటి గుడ్డలా ఎలా చేశాడే!' అని పది నిమిషాలు కదల్లేదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉండటం కూడా కలిసొచ్చింది. ఒక్కటి గుర్తు పెట్టుకోండి: మ్యూజియంకి శుక్రవారం సెలవు, జూ పార్కుకి సోమవారం సెలవు. ఈ రెండు రోజులూ చూసుకోకుండా బయల్దేరితే గేటుకి దండం పెట్టి రావాల్సిందే.

విశాఖ నుంచి వెళ్లి చూసే బొర్రా గుహలకి మెట్లు ఎక్కువ. కురుసుర జలాంతర్గామి మ్యూజియం పిల్లలకి పండగే. 2002లో దాన్ని తీరానికి తెచ్చి మ్యూజియంగా మార్చారు. కానీ లోపల ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బయట కూర్చోవడమే మేలు. సింహాచలం మాత్రం కొండపైదాకా బస్సు వెళ్తుంది. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి అక్షయ తృతీయ నాడు నిజరూపంలో కనిపిస్తారు కాబట్టి ఆ రోజు జనసముద్రమే. పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆ తేదీ తప్పించుకుంటే తీరిగ్గా దర్శనం అవుతుంది.

నీళ్ల దగ్గర కాపలా

సముద్రం గురించి చెప్పేటప్పుడు నవ్వులాట పక్కన పెట్టాలి. ఏటా మన తీరంలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒడ్డుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా! అక్కడక్కడా ఒక సన్నటి దారి చేసుకుని అది జోరుగా వెనక్కి లాగుతుంది. ఆ దారిలో అలలు పెద్దగా విరగవు, పైకి నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది. 'ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం' అనుకుంటాం. ప్రమాదం అక్కడే ఉంటుంది. లాగుడులో పడితే దానికి ఎదురీదకూడదు. ఒడ్డుకి సమానంగా పక్కకి జరిగి, లాగుడు తగ్గాక ఒడ్డు వైపు రావాలి. ఈత రానివాళ్లు మోకాలు దాటి దిగకూడదు. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఈత రానివాళ్లు వెంట దూకకూడదు, తాడో ట్యూబో విసిరి రక్షకుల్ని పిలవాలి.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుకి రక్షకులు, స్నానానికి హద్దులు, మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు వంటివి ఉండాలి. ఆడపిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ చివరి రెండే ముఖ్యం! చీరతో అలల్లోకి దిగొద్దు. తడిసిన కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుంటే నిలబడ్డ చోటే పడిపోతాం. మెడలో గొలుసు, చేతికి గాజులు ఇంటి దగ్గరే వదిలేయండి.

కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో హైదరాబాద్‌లో ఎండ నలభై డిగ్రీలకి చేరుతుంది. విశాఖలో అంత ఉండకపోయినా గాలిలో తేమకి ఒళ్లంతా జిడ్డు చెమట. దసరా వేళ నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. హుద్‌హుద్ విశాఖని కుదిపేసింది 2014 అక్టోబరు 12నే. అందుకే రెండుచోట్లకీ సంక్రాంతి రోజులే హాయి.

మరి అమ్మకి సెలవేది?

కిందటిసారి విశాఖలో రెండు రోజులూ నేను చేసిన పని ఏమిటో చెప్పనా? తలలు లెక్కపెట్టడం. ఒకటి, రెండు, మూడు... చిన్నాడి ఎర్ర చొక్కా కనపడకపోతే గుండె ఆగినంత పని. అందరూ సముద్రాన్ని చూశారు, నేను వాళ్లని చూశాను. గదికి వెళ్లాక ఇసుక బట్టలు దులపడం, ఉప్పునీటి బట్టలు జాడించడం. నగరంలో ఈ కాపలా ఉండదు. కానీ అక్కడ కాళ్లు నిలవవు. పొద్దున్న చపాతీలు చుట్టి, మంచినీళ్ల సీసాలు సర్ది, అందరి చెప్పులూ వెతికి బయల్దేరదీసేది ఎవరు? మనమే!

అంటే ఊరు మారినంత మాత్రాన మన డ్యూటీ మారదు. పని పంచుకోకపోతే కాశీకెళ్లినా వంటింటి గడప దాటనట్టే. ఈ మాట ఇంట్లో అందరి ముందూ చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా అమ్మాయి, 'అయితే నీకెక్కడికి వెళ్లాలనుంది?' అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

వాయిదా వేయలేనిది ముందు

ఆలోచించి ఒక సూత్రం పెట్టుకున్నాను. రెండూ ఇష్టమే అయినప్పుడు, ఏది వాయిదా వేయడానికి కుదరదో అది ముందు. వచ్చే ఏడు మా అమ్మాయి డిగ్రీకి హైదరాబాద్ వెళ్లాలనుకుంటోంది. సీటొస్తే హాస్టల్‌లో దింపడానికీ, చూసి రావడానికీ నగరానికి వెళ్తూనే ఉంటాం. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, ఇంకో ఏడాది మన కోసం ఆగుతుంది. కానీ అత్తగారి మోకాళ్లు ఆగవు. ఇంట్లో అయిదుగురం కలిసి నాలుగు రోజులుండే సెలవు మళ్లీ ఎప్పుడో? ఇది విన్నాక హైదరాబాద్ పార్టీ తనంతట తానే పోటీ నుంచి తప్పుకుంది.

కాబట్టి ఈ సంక్రాంతికి విశాఖ. కానీ షరతులున్నాయి. నీళ్లలో పిల్లాడి కాపలా మా వారిది, ఆ గంటన్నరా పేపరు, ఫోను ముట్టకూడదు. ఇసుక బట్టలు ఎవరివి వాళ్లే జాడించుకోవాలి. గది కింది అంతస్తులో కానీ, లిఫ్టున్న చోట కానీ తీసుకోవాలి. రోజుకి ఒక్క చోటే చూడాలి, పరుగులు లేవు. సింహాచలానికి ఒక పొద్దున్న. ఒక సాయంత్రం మాత్రం నాది. బీచ్ రోడ్డు మీద మా అమ్మాయీ నేనూ, చేతిలో సంచీ లేకుండా, ఎవరి తలలూ లెక్కపెట్టకుండా నడవాలి. హాస్టల్‌కి వెళ్లేలోగా దానితో మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయి.

మీ ఇంట్లో లెక్క వేరు కావచ్చు. చంటిపిల్లలుంటే నగరమే సుఖం. ఏడాదంతా ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకి సముద్రమే మందు. విశాఖ దూరమైతే బాపట్ల దగ్గర సూర్యలంక, బందరు దగ్గర మంగినపూడి, నెల్లూరు దగ్గర మైపాడు ఉండనే ఉన్నాయి. ఏదైనా సరే, అందరి ఓట్లూ లెక్కపెట్టేటప్పుడు మీ ఓటు కూడా పెట్టెలో వేశారో లేదో ఒక్కసారి చూసుకోండి!