చేతిలో ఫోను... చదువుకు తోడా? తెగులా?

ఫేస్‌బుక్ పుట్టింది ఒక విశ్వవిద్యాలయ హాస్టల్లో. 2004 ఫిబ్రవరిలో అమెరికాలోని హార్వర్డ్ విద్యార్థులు తమలో తాము పరిచయాలు పెంచుకోవడానికి దాన్ని ప్రారంభించారు. 2006 సెప్టెంబరులో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. తర్వాత వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. నేడు మన ఇళ్లలో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లల చేతుల్లో ఇవి లేని ఫోను కనిపించడం అరుదు. కనుక "ఫోను మంచిదా, చెడ్డదా?" అని వాదించుకుంటూ కూర్చుంటే ప్రయోజనం లేదు. పిల్లలు దాన్ని ఎలా వాడుతున్నారు, అందులో కష్టం ఎదురైతే మన దగ్గరకు వచ్చి చెప్పుకోగలుగుతున్నారా అన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

కాదనలేని మేలు

ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి ఎన్‌పీటీఈఎల్ పేరిట తయారుచేసిన పాఠాలు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకప్పుడు ఆ అధ్యాపకుల పాఠం వినాలంటే అక్కడ సీటు రావాలి. ఇప్పుడు కర్నూలులోనో, నిజామాబాద్‌లోనో ఇంట్లో కూర్చునే మన ఆడపిల్ల వినవచ్చు. ఇంటిల్లిపాదిలో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు దారి చెప్పే పెద్దలు ఉండరు. ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి, ఏ స్కాలర్‌షిప్‌కు గడువు ఎప్పుడు ముగుస్తుంది అన్నది సీనియర్ల వాట్సాప్ గ్రూపులే వారికి చెబుతున్నాయి. ఇది చిన్న మేలు కాదు.

నమ్మే ముందు విచారణ

అయితే ఫోనులో కనిపించిందల్లా నిజం కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 'యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్' అనే సంస్థకు వెబ్‌సైటు ఉండేది, ఫేస్‌బుక్ పేజీ ఉండేది. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. వీసా మోసాలను పట్టుకోవడానికి అక్కడి ప్రభుత్వాధికారులే దాన్ని నడిపారు. 2019 జనవరిలో సంగతి బయటపడినప్పుడు నిర్బంధంలోకి వెళ్లిన విద్యార్థుల్లో అత్యధికులు భారతీయులే. వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు.

నమ్మి మోసపోతే నష్టం మనకే. నమ్మి పదిమందికి పంపితే అది ఇంకొకరి ప్రాణాల మీదకు వస్తుంది. 2018 జూలైలో బీదర్ జిల్లాలో హైదరాబాద్‌కు చెందిన ఒక యువ ఇంజనీరును పిల్లలను ఎత్తుకుపోయేవాడని అనుమానించి గుంపు కొట్టి చంపింది. ఆ వదంతి వ్యాపించింది వాట్సాప్‌లోనే. మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్లకు మించి పంపకుండా ఆ సంస్థ పరిమితి ప్రకటించింది కూడా ఆ నెలలోనే. వార్తను విచారించుకోవాలన్న సూరా హుజురాత్ ఆదేశం మనందరికీ తెలిసిందే. ఫోనులో వచ్చిన వార్తకు దాని నుంచి మినహాయింపు లేదు.

రాసింది నిలిచిపోతుంది

అమెరికా వీసా దరఖాస్తులో గత అయిదేళ్లుగా వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడగడం 2019లోనే మొదలైంది. విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలని 2025 జూన్‌లో అక్కడి విదేశాంగ శాఖ ప్రకటించింది. ఆవేశంలో అర్ధరాత్రి రాసిన ఒక్క మాట ఏళ్ల తర్వాత వీసా అధికారి బల్ల మీదకు చేరవచ్చు. అభిప్రాయం ఉండకూడదని కాదు. రాసేటప్పుడు అది పదిమంది చదివే కాగితమని గుర్తుండాలి.

తప్పెవరిది, శిక్ష ఎవరికి?

2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి, ముస్లిం మహిళల ఫొటోలను వారి సోషల్ మీడియా ఖాతాల నుంచి దొంగిలించి యాప్‌లలో 'వేలానికి' పెట్టారు. వారిలో పాత్రికేయులు, విద్యార్థినులు ఉన్నారు. రెండవ కేసులో అరెస్టయిన నిందితుల్లో ఇంజనీరింగ్ విద్యార్థులు ఉండడం గమనార్హం. ఆ ఫొటోలలో తప్పేమీ లేదు. వాటిని దొంగిలించిన బుద్ధిలో ఉంది తప్పు.

కానీ ఇలాంటిది జరిగితే ఎన్నో ఇళ్లలో ముందు చేసేది ఏమిటి? అమ్మాయి ఫోను లాక్కోవడం, కాలేజీ మాన్పించడం, హడావుడిగా సంబంధం చూడడం. నేరం చేసినవాడు నిశ్చింతగా పరీక్షలు రాసుకుంటాడు. ఏ పాపమూ ఎరుగని పిల్ల చదువు ఆగిపోతుంది. ఇలా అవుతుందని పిల్లలకు ముందే తెలుసు. అందుకే అమ్మీకి గానీ, అబ్బాకు గానీ చెప్పరు. బెదిరించేవాడికి కావలసింది ఈ మౌనమే.

అబ్బాయిలకూ ఉచ్చులున్నాయి. కమిషన్ ఇస్తామని బ్యాంకు ఖాతా అద్దెకు అడిగేవారుంటారు. అందులో పడేది దోచుకున్న సొమ్ము. పోలీసులు ముందుగా వచ్చేది ఖాతాదారు ఇంటికే. క్లాసు గ్రూపులో తోటి విద్యార్థినిని ఎగతాళి చేస్తుంటే నవ్వి ఊరుకునే కొడుకుకు బుద్ధి చెప్పడం కూడా తల్లిదండ్రుల బాధ్యతే.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. బెదిరింపులు, ఫొటోల దుర్వినియోగం జరిగితే ఆ సందేశాలను చెరిపివేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గానీ పోలీసులకు గానీ ఫిర్యాదు చేయాలి. తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ పనిచేస్తున్నాయి.

ఇవన్నీ పనికిరావాలంటే సంగతి ముందు ఇంట్లో తెలియాలి. అందుకే పిల్లల చేతికి ఫోను ఇచ్చేటప్పుడు ఒక్క మాట కూడా ఇద్దాం: "ఏం జరిగినా ముందు మాకు చెప్పు. నీ చదువు మాన్పించం." ఇచ్చిన ఆ మాట నిలబెట్టుకుందాం.