పిఠాపురం బుజ్జాయి, మాట్లాడే నక్కలు

పిఠాపురంలో శివుడు కుక్కుటేశ్వరుడు. గయాసురుణ్ణి ఏమార్చడానికి కోడి రూపమెత్తి, తెల్లవారకముందే కూశాడని స్థలపురాణం. పాదగయ పుష్కరిణి పక్కనే ఉన్న ఆ గుడిలో ఏకశిలా నందిని చూసి కాసేపైనా ఆగని భక్తుడు ఉండడు. దేవుడే కోడై కూసిన ఈ ఊళ్లోనే, తెలుగువాళ్లకు జంతువుల బొమ్మల కథలు గీసిచ్చిన దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి 1931లో పుట్టారు. అందరికీ ఆయన బుజ్జాయి. తండ్రి కవి కృష్ణశాస్త్రి. తాత తమ్మన్నశాస్త్రి, ఆయన అన్న సుబ్బరాయశాస్త్రి పిఠాపురం ఆస్థాన కవులు. మాటలతో బతికిన ఇంట్లో ఈ పిల్లవాడు కుంచె పట్టాడు.

అప్పటికే ఇంగ్లండులో మాట్లాడే జంతువులు దినపత్రికలకెక్కాయి. 1920 నవంబరు 8న డైలీ ఎక్స్‌ప్రెస్‌లో మేరీ టూర్టెల్ గీసిన రూపర్ట్ అనే ఎలుగుబంటి పిల్ల తొలిసారి కనిపించింది. 1935లో ఆల్‌ఫ్రెడ్ బెస్టాల్ ఆ పని అందుకున్నాడు. ఎర్ర స్వెటరు, పసుపు గళ్ల ప్యాంటు తొడుక్కునే రూపర్ట్ నోటి దగ్గర మాటల బుడగలుండవు. కథంతా బొమ్మల కిందే నడుస్తుంది.

మన జంతువులు అక్కడికి అంతకు చాలా ముందే చేరాయి. విష్ణుశర్మ పేర చెలామణి అయిన పంచతంత్రం పహ్లవీ భాషలోకి, 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేతుల మీదుగా అరబ్బీలోకి వెళ్లింది. అందులోని కరటక, దమనకులనే నక్కలు అరబ్బీలో కలీలా, దిమ్నాలయ్యాయి. 1570లో థామస్ నార్త్ ఆ కథలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. రూపర్ట్ పుట్టడానికి 350 ఏళ్ల ముందే లండన్‌లో మన నక్కలు రాజనీతి మాట్లాడాయన్నమాట. తెలుగులో 1853లో చిన్నయసూరి నీతిచంద్రికతో అవి బడిపిల్లల దగ్గరికి చేరాయి.

1960ల్లో బుజ్జాయి ఆ పంచతంత్రాన్నే ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో బొమ్మల సీరియల్‌గా నడిపారు. కథలో కథ, అందులో మరో కథ, సరిగ్గా వారపత్రికకు కావలసిన అల్లిక. సింహానికీ ఎద్దుకూ స్నేహం ఎలా కుదిరిందో, నక్క దాన్ని ఎలా చెడగొట్టిందో చెప్పేదాకా పాఠకుడు ఎన్ని వారాలైనా ఎదురుచూస్తాడు. ఇంగ్లీషు పత్రిక కావడంతో తెలుగునాట పుట్టిన గీత దేశమంతా తిరిగింది. తెలుగు పిల్లల కోసం ఆయన డుంబు అనే కుర్రాణ్నీ సృష్టించారు. తండ్రితో గడిపిన రోజులను ‘నాన్న-నేను’ పుస్తకంలో రాసుకున్నారు. 2012లో చెన్నైలో కన్నుమూశారు.

ఆయన పుట్టిన పిఠాపురం చూడాలంటే, అది హౌరా-చెన్నై రైలు మార్గంలో సామర్లకోట దగ్గరే ఉంది. కాకినాడ నుంచి బస్సులున్నాయి. గుడి చూడటానికి ఒక పూట చాలు. బుజ్జాయి బొమ్మల కోసం మాత్రం పాత పుస్తకాల దుకాణాలూ గ్రంథాలయాలూ గాలించాలి. ఇలస్ట్రేటెడ్ వీక్లీ 1993లో ఆగిపోయింది. రూపర్ట్‌కు 1936 నుంచి ఏటా ఒక సంచిక వస్తోంది. మన బుజ్జాయి పంచతంత్రానికీ అలాంటి శాశ్వత ముద్రణ కావాలి. మీ అటక మీద ఇలస్ట్రేటెడ్ వీక్లీ పాత సంచికలుంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి, దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.