నెల్లూరు జిల్లా పరిషత్తు: నలుబదియాఱింటికి నలుబదియాఱు

2021 సెప్టెంబరు 19వ తేదీన నెల్లూరు జిల్లా పరిషత్తు ఎన్నికల ఫలితములు వెల్లడియైనవి. స్థానములు 46. వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షమునకు దక్కినవి 46. ప్రతిపక్షమునకు ఒక్కటియు లేదు. ఇంతకంటె సులభమైన లెక్కను పంతులుగారు పసిపిల్లలకైనను ఈయరు. గెలిచినవారిని అభినందించుటకు మాకభ్యంతరము లేదు. కాని ఆ అంకెను చూచిన నాటినుండి మా మనస్సున ఒక శంక నిలిచియున్నది. ఉదయగిరి మెట్టనుండి పులికాటు సరస్సు ఒడ్డువఱకు వ్యాపించిన జిల్లాలో, కాలువ మొదటి రైతునకును చివరి రైతునకును ఏటేట నీటి తగవు తప్పని జిల్లాలో, అందఱకును ఒక్కమాఱే ఒక్క మాట కుదిరెనా? లేక రెండవ మాట చెప్పుటకు ఎవరును మిగులలేదా?

ఈ ఎన్నిక నడచిన తీరు పాఠకులకు జ్ఞప్తి చేయుట మంచిది. ప్రకటన వెలువడినది 2020 మార్చిలో. నామపత్రములు పడినవి, ఉపసంహరణలు జరిగినవి; మహామారి వచ్చెనని మార్చి 15న ఎన్నికల సంఘమువారు సర్వమును నిలిపివేసిరి. ఆ పాటికే నెల్లూరు జిల్లాలో 12 స్థానములు పోటీ లేక ఏకగ్రీవములైనవి. రాష్ట్రమందంతటను 660 స్థానములలో 126 అట్లే తీఱినవి. అవి బలవంతపు ఏకగ్రీవములని ప్రతిపక్షములు, కావని పాలకపక్షము వాదించుకొనిరి. ఏడాది గడచిన పిమ్మట, 2021 ఏప్రిల్ 1న, ఆగినచోటనుండియే ఎన్నికను నడపుదుమని క్రొత్త ప్రకటన వచ్చెను. మొదటినుండి జరుపవలెనని కోరిన తెలుగుదేశము పక్షము మఱునాడే బహిష్కారము చాటెను. 8వ తేదీన ఓటింగు జరిగెను. ప్రకటనకును ఓటునకును నడుమ ఏడు దినములు!

తరువాతి కథ న్యాయస్థానములది. నాలుగు వారముల గడువు పాటింపలేదని మే 21న హైకోర్టున ఏకసభ్య న్యాయమూర్తి ఎన్నికనే రద్దుచేసిరి. సెప్టెంబరు 16న ద్విసభ్య ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చెను. అప్పుడు పెట్టెలు తెఱచిరి. ఓటు వేసిన దినమునుండి లెక్కించిన దినమునకు ఐదు నెలల పదునొకండు దినములు. రాష్ట్రమున కొన్ని తావుల పెట్టెలలోని కాగితములు తడిసి, చెదపట్టి యుండెను. ఇంటిలో ధాన్యపు గాదెను ఐదు నెలలు చూడకుండ విడిచిన గృహస్థును మనము ఏమందుము?

బహిష్కరించినవారిని గూర్చి ఒక మాట. బహిష్కారము మన దేశమునకు క్రొత్త ఆయుధము కాదు. 1920లో కాంగ్రెసు శాసనసభలను బహిష్కరించినప్పుడు, ఆ పనితోపాటు న్యాయవాదులు కోర్టులను, విద్యార్థులు కళాశాలలను విడిచిరి. పల్లెపల్లెకు రాట్నము వెళ్లినది. త్యాగమును కార్యక్రమమును తోడున్నందుననే ఆ బహిష్కారమునకు బరువు కలిగినది. 2021లో అభ్యర్థుల పేర్లు కాగితముమీదనే యుండెను, వారి నాయకులు మాత్రము తప్పుకొనిరి. పక్షమునకు కలిగిన కోపము న్యాయమే కావచ్చును. ఓటరునకు మాత్రము మిగిలినది ఎదుటిపక్షము లేని ఓటు. ఆ కోపమునకు మూల్యము చెల్లించినవాడు అతడే.

అయినను పోటీ ఉన్నప్పుడు మాత్రము పరిషత్తు ధన్యమైనదా యనిన, 2014 కథ చూడుడు. ఆ ఏడు మే 13న వచ్చిన ఫలితములలో 46 స్థానములకు వై.యస్.ఆర్. కాంగ్రెసు 31, తెలుగుదేశము 15 గెలిచినవి. ముప్పదియొకటికిని పదునైదునకును గల భేదము చూచి అధ్యక్షపదవి ఎవరిదో ఎవరును సందేహింపలేదు. కాని రాష్ట్రమున అధికారము తెలుగుదేశమునకు వచ్చినది. రెండు నెలలు తిరుగకముందే సభ్యులు అటునుండి ఇటు కదలిరి. జులై 5వ తేదీ సమావేశము రభసలో ముగిసినది. పిమ్మట జరిగిన సమావేశమున చేతులెత్తి చూడగా ఇరువైపుల 23 చొప్పున తేలినవి. చీటి వేసిరి. చీటి బొమ్మిరెడ్డి రాఘవేంద్రరెడ్డిగారి పేర వచ్చినది. ఓటర్లు ఇచ్చిన తీర్పు, సభ్యులు చెఱిపిన తీర్పు, తుదకు చీటి పుణ్యమున మరల ఓటర్లకు దక్కినది!

చీటి వేయుట తప్పని మేమనము. మనకు స్థానిక స్వపరిపాలనమును నేర్పినామని చెప్పుకొను ఇంగ్లండులోను ఆ పద్ధతి కలదు. 2017లో నార్తంబర్లండు కౌంటీ కౌన్సిలు ఎన్నికలో ఒక స్థానమున ఇద్దఱకు ఓట్లు సమానముగా రాగా, పుల్లలు తీసి నిర్ణయించిరి. ఆ పుల్ల లిబరల్ డెమొక్రాటు పక్షమునకు వచ్చుటచే, 67 స్థానములలో 33 గెలిచిన కన్సర్వేటివులకు ఒక్క స్థానమున ఆధిక్యము తప్పినది. కాని అక్కడ సమముగా చీలినవారు ఓటర్లు. నెల్లూరిలో చీలినవారు సభ్యులు.

ఆ దేశపు సంగతి వచ్చినది కావున ఇంకొకటి. అచ్చటి జిల్లా కౌన్సిలు చూడ చిన్నది. చెత్త ఎత్తించుట, కట్టడములకు అనుమతి నిచ్చుట వంటివి దాని పనులు. ఐనను పొలమున కర్మాగారము లేపదలచిన ధనవంతుడు దాని గడప త్రొక్కవలసినదే. తన వంతు పన్నును అదియే నిర్ణయించుకొనును. పన్ను పెరిగినచో పొరుగువాడు కౌన్సిలరును వీధిలో నిలిపి అడుగును.

మనకును అటువంటిది కొంత ఉండెడిది. 1884 నాటి మద్రాసు చట్టము క్రింద ఏర్పడిన జిల్లా బోర్డుకు కలెక్టరు అధ్యక్షుడు, ఓటు కొద్దిమందిది. అది స్వరాజ్యము కాదనుటకు మాకు సంకోచము లేదు. కాని ఆ బోర్డునకు భూమి సెస్సు కలదు, టోలు గేట్లు కలవు, రోడ్లు ఆసుపత్రులు కలవు. సెస్సు కట్టిన రైతు, నా రోడ్డు ఏదని అడుగగలిగెడివాడు. బుచ్చిరెడ్డిపాళెపు బిడ్డ బెజవాడ గోపాలరెడ్డిగారు 1937లో రాజాజీ మంత్రివర్గమున చేపట్టిన శాఖ స్థానిక పరిపాలనమే. నాడు కాంగ్రెసువారు కోరినది ఓటు విస్తరింపవలెనని మాత్రమే కాదు, ఆ ఓటునకు లోబడిన అధికారము విస్తరింపవలెనని. 1959లో జిల్లా పరిషత్తులు పుట్టినవి. 1993లో 73వ రాజ్యాంగ సవరణ అమలులోనికి వచ్చినది. ఓటు ప్రతివానికి వచ్చినది. అధికారమో, బోర్డుల నాటికంటె సన్నగిలినది. నేటి పరిషత్తునకు తనదని చెప్పుకొనదగిన పన్ను లేదు. పైనుండి వచ్చు నిధియే ఆధారము. పదునాలుగవ ఆర్థిక సంఘము 2015 నుండి 2020 వఱకు గ్రామపంచాయతులకు మాత్రమే నిధులిచ్చి, జిల్లా పరిషత్తులకు ఒక్క పైసయు కేటాయింపలేదు. చీటిలో గెలిచిన పరిషత్తు నడచినది ఆ కాలముననే.

మా సముద్రతీరమును చూడుడు. రాజ్యాంగపు పదునొకండవ అనుబంధమున పంచాయతీ సంస్థలకు అప్పగింపదగినవని 29 విషయములు వ్రాసిరి. అందు ఐదవది మత్స్యపరిశ్రమ. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, కోట, వాకాడు మండలములలో ఇంతకంటె పెద్ద విషయము ఏమున్నది? కాని ఉప్పునీటి రొయ్యల చెఱువునకు అనుమతి నిచ్చు తీరప్రాంత అధికారసంస్థ ఉన్నది చెన్నపట్టణమున. అది 2005 నాటి కేంద్రచట్టపు సృష్టి. కృష్ణపట్నపు రేవు, నేలటూరు విద్యుత్కేంద్రము పరిషత్తు నడిగి కట్టినవి కావు. తమిళనాటి మరపడవలు వచ్చి తమ వలలు తెంచుకొని పోయినవని పట్టపువారు మొఱపెట్టుకొనునది కలెక్టరునకు, మత్స్యశాఖకు. తమ మండలమునుండి జిల్లా పరిషత్తునకు పోయిన సభ్యుని కడకు పోయిన లాభమేమి? ఆయనయు అర్జీ పుచ్చుకొని ఆ కలెక్టరు కడకే పోవలెను.

ఈ జిల్లా ప్రజలు మెత్తనివారని గాని, తమ మంచిచెడ్డలు తెలియనివారని గాని ఎవరైన అనుకొన్నచో, దూబగుంట ఆడువారిని తలంచుకొనవలెను. సారా అంగడి మూయింపవలెనని రాత్రిబడిలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు పట్టిన పట్టు జిల్లా యంతయు ప్రాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమందే సారాను నిషేధింపజేసినది. వారికి ఏ పరిషత్తును త్రోవ చూపలేదు. పట్టుబట్టుటకు ఏదైన వస్తువున్నచోట మనవారు పట్టుబట్టుదురు.

ఈ చిక్కునకు 2022 ఏప్రిల్ 4 నాటి విభజన మఱొక ముడి వేసినది. ఆ దినమున గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి. ప్రకాశమునుండి కందుకూరు నెల్లూరికి వచ్చినది. జిల్లాలు మాఱినను పరిషత్తులు పాత ఎల్లలతోనే నిలిచినవి. సూళ్లూరుపేట రైతునకు కలెక్టరు తిరుపతిలో, పరిషత్తు నెల్లూరిలో. ఆ విభజన పిమ్మట కందుకూరువానికి కలెక్టరు నెల్లూరిలో, పరిషత్తు ఒంగోలులో నుండెను. ఇది పొరపాటని వీధులలో ఎవరును గోల చేసినట్లు మేమెఱుగము.

2006లో ఎన్నికైన పరిషత్తు గడువు 2011లో తీఱినది. తరువాతి ఎన్నిక 2014లో. దాని గడువు 2019లో తీఱినది; తరువాతి ఎన్నిక 2021లో. గడువు తీఱకముందే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగపు 243-ఇ అధికరణము చెప్పుచునే యున్నది. ఈ రెండు ఎడములలోను ప్రత్యేకాధికారులు సంతకములు చేసిరి. జిల్లా పరిషత్తు ఉన్నతపాఠశాలల గంటలు వేళకు మ్రోగినవి, ఉపాధ్యాయులకు జీతములు వచ్చినవి, సమావేశమందిరమున కుర్చీలు మాత్రము ఖాళీగా నుండెను. అధ్యక్షుడు లేడని ఏ పల్లెనుండియైన ఒక అర్జీ వచ్చెనా యని పాత దస్త్రములు చూచువారు మాకు తెలుపుదురు గాక.